పచ్చని లంకకు ఎండిన పార్శ్వం

శ్రీలంక పేరు వినగానే మనస్సులో మెదిలేది పచ్చదనమే. మంచుతెరల నడుమ తేయాకు తోటలు, కొండలమీంచి దూకే జలపాతాలు, కొబ్బరి నీడల కింద మెత్తని ఇసుక తీరాలు, పర్యాటకుల కోసం అచ్చువేసే రంగుల పుస్తకాలన్నిటా కనిపించే లంక ఇదే. ఆ బొమ్మలలో అబద్ధమేమీ లేదు. కాకపోతే అవి ద్వీపంలో సుమారు మూడోవంతుకు మాత్రమే చెల్లుతాయి. తక్కిన రెండు వంతులు, అంటే ఉత్తరాన, తూర్పున, ఆగ్నేయాన పరుచుకున్న మైదానాలు, ఏడాదిలో ఎక్కువకాలం ఆకాశంకేసి చూస్తూ గడిపే నేలలు. అటు వెళ్ళే పర్యాటకులు తక్కువ. వెళ్ళినవారు కూడా అనురాధపుర స్తూపాలు, సిగిరియ శిల చూసుకొని సాయంకాలానికి చల్లని కొండలవైపు మరలిపోతారు.

ఈ విభజన చేసింది గాలి. మే నెలలో వచ్చే నైరుతి రుతుపవనం ద్వీపం నడుమనున్న పర్వతాలను ఢీకొని తన నీటినంతా పడమటి వాలులమీదనే కుమ్మరిస్తుంది. అక్కడ కొన్ని తావులలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు మించి వాన పడుతుంది. కొండ దిగి ఆవలికి వచ్చేసరికి అది నీరింకిన వేడిగాలి. ఈ మైదానాలకు వాన దక్కేది అక్టోబరు నుంచి జనవరి వరకు, ఈశాన్య పవనం వీచే కాలంలోనే. సాలుకు 1,750 మిల్లీమీటర్లలోపు వర్షం పడే భాగాన్ని లంక భూగోళ గ్రంథాలు పొడిమండలం అని వ్యవహరిస్తాయి. సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సేద్యం చేసే అనంతపురం రైతు ఈ లెక్క విని నవ్వుకోవచ్చు! కాని వాయవ్యమూలనున్న మన్నారులో ఆ వాన వెయ్యి మిల్లీమీటర్లు కూడా దాటదు. పడేది మూడు నాలుగు నెలలే. మిగిలిన కాలమంతా ఎండ, సముద్రపు గాలి కలిసి ఉన్న తేమను పీల్చివేస్తాయి.

కొలంబో నుంచి మన్నారుకు వేసిన రైలుమార్గం ఈ రెండు లంకలను వరుసగా చూపుతుంది. కురునాగల పరిసరాల వరకు కొబ్బరితోటలు, అరటి, నీరు నిండిన మడులు. మహో జంక్షను దాటిన పిమ్మట చెట్లు పొట్టివవుతాయి, ఆకులు చిన్నవవుతాయి, నేల ఎర్రబడుతుంది. ఆపైన మొదలవుతాయి చెరువులు. ఒకటి కనుమరుగు కాకముందే మరొకటి. కట్టమీద మద్దిచెట్లు, నీళ్ళలో తామరాకులు, మెడవరకు మునిగిన గేదెలు. వరంగల్లు జిల్లాలో పుట్టిపెరిగినవారు ఇక్కడ రైలు దిగితే పరాయిదేశం వచ్చామన్న సంగతి కాసేపు మరచిపోతారు.

మరచిపోవడానికి మరొక కారణమూ ఉంది. ఈ దారిలోనే వచ్చే తంబుత్తేగమ సమీపాన కుడాగమ అనే ఊరున్నది. అక్కడ నివసించే అహికుంటకులు పాములవాళ్ళు. నాగుపాములను ఆడించడం, చేయి చూసి జోస్యం చెప్పడం వారి కులవృత్తులు. ఒకప్పుడు గాడిదలమీద సామానులు వేసుకొని ఊరూరా తిరిగేవారు. వీరి ఇంటిభాష తెలుగులోని ఒక మాండలికం. తూర్పుతీరాన అక్కరపట్టు దగ్గరి అలిగంబెలో కూడా వీరి బంధువర్గం ఉన్నది. వీరి తెలుగుకు లిపి లేదు, బడి లేదు, పుస్తకం లేదు. పిల్లల చదువు కుడాగమలో సింహళంలో, అలిగంబెలో తమిళంలో సాగుతుంది. విదేశాలలో తెలుగును గురించి సభలు జరిపేవారి జాబితాలలో ఈ ఊళ్ళ పేర్లు కానరాకపోవడం విచారకరం.

సింహళ నాగరికత పుట్టింది నేటి పర్యాటకులు మెచ్చుకునే పచ్చని కొండలలో కాదు, ఈ ఎండిన మైదానంలోనే. క్రీస్తు పూర్వం నుంచి పదకొండో శతాబ్ది ఆరంభం వరకు అనురాధపురం, తరువాత పొలన్నరువ రాజధానులుగా వెలిశాయి. వాన ధారాళంగా కురిసే చోట మనిషి నీటిని గురించి ఆలోచించడు. మూడునెలల వానతో పన్నెండు నెలలు బ్రతకవలసినచోట ఆలోచించక తప్పదు. ఆ ఆలోచనకు రూపమే ఈ చెరువులు. వీటిలో ఏదీ ఒంటరిది కాదు. వాగు పొడవునా ఒకదాని దిగువన ఒకటిగా కట్టినవి. పై చెరువు అలుగు పారిన నీరు, పై పొలంలో వాడగా మిగిలిన నీరు కింది చెరువుకు చేరుతాయి. తెలుగునాట దీనిని గొలుసుకట్టు అన్నారు, లంకలో ఎల్లంగావ అంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో ఈ ఏర్పాటును ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

చెరువంటే కట్ట, తూము మాత్రమే అనుకుంటే పొరబాటు. ఎగువన ఒండ్రును ఆపడానికి గడ్డినేల, గాలివేగాన్ని తగ్గించి నీరు ఆవిరి కాకుండా చూడటానికి చెట్లవరుస, కట్టకు దిగువన పొలాలలోకి ఉప్పు ఊరకుండా పీల్చుకునే మరొక పొదల పట్టీ, అడవిలో జంతువుల కోసం వదిలిన చిన్న కుంట, ఇవన్నీ చెరువులో భాగాలే. పెద్ద చెరువులలో తూముకు చేర్చి రాతితో కట్టిన చదరపు బావి ఉంటుంది. దాని పేరు బిసోకొటువ. లోతునుంచి ఒత్తిడితో వచ్చే నీటిని అదుపులో పెట్టి వదలడం దాని పని. 19వ శతాబ్దిలో ఈ చెరువులను పరిశీలించిన ఇంగ్లీషు ఇంజనీరు హెన్రీ పార్కర్ దానిని చూసి అబ్బురపడ్డాడు. కలావెవ నుంచి అనురాధపురానికి 54 మైళ్ళు సాగే జయగంగ కాలువ తొలి 17 మైళ్ళలో మైలుకు ఆరంగుళాల వాలుతోనే నడుస్తుంది. పదిహేను వందల ఏళ్ళ క్రిందట ఆ వాలును ఏ సాధనంతో కొలిచారో నేటికీ తేలలేదు.

ఆ కలావెవను కట్టించినవాడు ఐదో శతాబ్దపు రాజు ధాతుసేనుడు. కొడుకు కాశ్యపుడు తండ్రిని బంధించి, దాచిన నిధి చూపమని పీడించాడట. ముసలిరాజు కొడుకు మనుషులను వెంటబెట్టుకొని చెరువు దగ్గరకు వెళ్ళి, నీళ్ళలో దిగి స్నానం చేసి, దోసిలితో నీళ్ళు పైకెత్తి, తన సొత్తంతా ఇదేనన్నాడు. కొడుకు ఆగ్రహించి తండ్రిని గోడలో పెట్టించి చంపించాడు. సిగిరియ కోట కట్టింది ఈ కాశ్యపుడే. నేటి యాత్రికులు లక్షలుగా ఎక్కేది కొడుకు శిల. తండ్రి చెరువు గట్టున మాత్రం ఊరి స్త్రీలు బట్టలుతుక్కుంటూ కనిపిస్తారు.

రాతికట్టడాలకన్న గొప్పది బెత్మ అనే గ్రామకట్టుబాటు. వాన తక్కువై చెరువు సగమే నిండిన సంవత్సరంలో, ఆయకట్టు అంతటికీ నీరు చాలదని తేలినపుడు, ఊరంతా కట్టమీద సమావేశమవుతుంది. కట్టకు దగ్గరి పొలాలను మాత్రమే ఆ కారుకు సాగుచేయాలని, ఆ పొలాలను ఊళ్ళో భూమిగలవారందరూ తాత్కాలికంగా పంచుకోవాలని నిర్ణయిస్తుంది. కట్టకింద మంచి పొలమున్న ఆసామి తన మడిని ఆ ఒక్క కారుకు పొరుగువానికి వదులుతాడు. పంట చేతికొచ్చిన తరువాత ఎవరి హద్దులు వారివే. కరువు వచ్చినపుడు పైకట్టు రైతుకూ కింది రైతుకూ మధ్య ఏమి జరుగుతుందో ఎరిగినవారికి ఈ ఏర్పాటులోని గొప్పతనం వేరుగా చెప్పనక్కరలేదు.

పదమూడో శతాబ్దిలో దండయాత్రల దెబ్బకు ఈ రాజ్యాలు కూలాయి. కట్టలు తెగాయి, అడవి కమ్ముకున్నది, మలేరియా వ్యాపించింది. జనం నైరుతిదిశగా, తడినేలకు తరలిపోయారు. బ్రిటిషువారు 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో పాత చెరువులను బాగుచేయనారంభించినా, తిరిగి జనం నిలిచింది 1940లలో దోమల నిర్మూలన జరిగిన తరువాతనే. 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ లంకను మలేరియా లేని దేశంగా ప్రకటించింది. 1976లో పోల్గొల్ల దగ్గర మహావేలి నదిని మళ్ళించి, కొండల నీటిని కలావెవకు తెచ్చారు.

నీరు వచ్చింది. కాని ఆ నీటి కథ సుఖాంతం కాలేదు. అనురాధపురం దాటి రైలు మెదవచ్చియ జంక్షను చేరుతుంది. మన్నారు దారి చీలేది ఇక్కడే. ఈ ఊరి పేరు వైద్యులకు వేరే కారణంగా తెలుసు. 1990లలో ఈ చుట్టుపక్కల పల్లెలలో, చక్కెరవ్యాధిగాని రక్తపుపోటుగాని లేని రైతుల మూత్రపిండాలు చెడిపోతున్నట్లు గుర్తించారు. నడివయసు మగవారు, ఎండలో పొలంపని చేసేవారు, నొప్పి తెలియకుండానే రోగం ముదిరిపోయి ఆసుపత్రికి చేరేవారు. గట్టిపడిన బావినీరా, ఫ్లోరైడా, పురుగుమందులా, ఎండలో నీరు తాగక పనిచేయడమా, అన్నిటినీ అనుమానించారు. ఏ ఒక్కదానినీ నిశ్చయంగా దోషిగా తేల్చలేకపోయారు. ఉద్దానం పేరెరిగిన శ్రీకాకుళంవాసికి ఈ వర్ణనలో ఒక్క అక్షరం కూడా కొత్త కాదు. అక్కడా కొబ్బరితోటల పచ్చదనం, అక్కడా కారణం తెలియని అదే రోగం. పలాసలో 2023లో మూత్రపిండాల ఆసుపత్రి తెరిచారు. లంకలో పొలన్నరువలో 2021లో తెరిచారు. మెదవచ్చియ పల్లెలలో నీటిని శుద్ధిచేసే యంత్రాలను నెలకొల్పారు. చెరువుగట్టున కాపురముండి తాగునీటిని డబ్బాలో మోసుకుపోయే మనిషిని చూస్తే ధాతుసేనుడి దోసిలి జ్ఞాపకం వస్తుంది.

మెదవచ్చియనుంచి పడమటికి తిరిగిన దారి మడు అడవులగుండా సముద్రంవైపు సాగుతుంది. ఊళ్ళ పేర్లు సింహళంనుంచి తమిళంలోకి మారుతాయి. అనురాధపురం మీదుగా ప్రవహించిన మల్వతు ఓయ ఇక్కడ అరువి ఆరు అవుతుంది. ఈ నదికి అడ్డంగా వేసిన రాతి ఆనకట్టనుంచి కాలువద్వారా నిండే పెద్ద చెరువును సింహళీయులు యోధవెవ అనీ, తమిళులు కట్టుక్కరై కుళం అనీ అంటారు. నిండినపుడు ఆవలిగట్టు కానరాదు. ఎండాకాలంలో దాని గర్భంలోనే పశువులు మేస్తాయి. మన్నారు జిల్లా వరిచేలకు ఇదే ఆధారం.

సముద్రం సమీపించేచోట తిరుక్కేతీశ్వరాలయం ఉంది. ఏడు, ఎనిమిది శతాబ్దులలో సంబంధర్, సుందరర్ స్తుతించిన క్షేత్రమిది. పక్కనే మహాతిత్థ అనే ప్రాచీన రేవు. 1980లలో జరిపిన తవ్వకాలలో చైనా పింగాణీ, పశ్చిమాసియా పాత్రల ముక్కలు బయటపడ్డాయి. ఈ ఎండిన తీరం ఒకనాడు ప్రపంచపు కూడలి అన్నమాట! 16వ శతాబ్ది చివర పోర్చుగీసులు ఆలయాన్ని నేలమట్టం చేశారు. ఆ రాళ్ళే మన్నారు కోటకు వాడారని స్థానికుల మాట. భారత ప్రభుత్వ సహాయంతో జరిగిన పునర్నిర్మాణం ముగిసి 2022లో కుంభాభిషేకం చేశారు.

అక్కడినుంచి సుమారు మూడు కిలోమీటర్ల కట్టదారి. రెండువైపులా లోతులేని ఉప్పునీరు. చలికాలంలో రాజహంసలు ఈ వంకలై బురదలో గులాబి గీతల్లా బారులు తీరతాయి. దారి చివర వంతెన దాటితే మన్నారు ద్వీపం, అంటే ద్వీపానికి అంటిపెట్టుకున్న మరో ద్వీపం. మొదట ఎదురయ్యేది కోట: 1560లో పోర్చుగీసులు కట్టినది, 1658లో డచ్చివారు, 1795లో ఇంగ్లీషువారు పట్టుకున్నది. వీధులలో గాడిదలు యథేచ్ఛగా తిరుగుతుంటాయి. ఒకప్పుడు వర్తకుల బరువులు మోసిన జాతి ఇది. లారీలు వచ్చాక పని పోయింది, గాడిదలు మిగిలాయి. బస్సుస్టాండు నీడలో మనుషులతోపాటు అవీ నిలబడతాయి.

పల్లిమునైలో ఒక బ్రహ్మాండమైన ఆఫ్రికా వృక్షమున్నది. పేరు బవోబాబ్. ఎత్తు ఏడున్నర మీటర్లే. చుట్టుకొలత మాత్రం పందొమ్మిదిన్నర మీటర్లు. మనిషి గీసిన చెట్టులా కాక, పిల్లవాడు మట్టితో చేసిన చెట్టులా కనిపిస్తుంది. 1477లో అరబ్బు వర్తకులు నాటారని ప్రతీతి. హైదరాబాదులో గోలకొండ నయాఖిల్లాలోని హతియాన్ కా ఝాడ్ ఈ జాతిదే, దీనికన్న లావైనది. కాండంనిండా నీరు దాచుకొని ఆకు రాల్చి ఎండాకాలం గడిపే ఈ చెట్టుకు మన్నారుకన్న తగిన చోటు దొరకదు.

తాటిచెట్టు సంగతి వేరే. ద్వీపమంతా తాళ్ళే. ముంజెలు, తేగలు, బెల్లం, కల్లు, చాపలు, దడులు, ఒక కుటుంబం ఏడాదంతా ఒకే చెట్టుమీద బ్రతకగలదు. మంచినీళ్ళ బావులు ఇసుకలోనే తవ్వుతారు. వానకు ఇంకిన నీరు అడుగునున్న ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతూంటుంది. జాగ్రత్తగా చేదుకుంటే నిలుస్తుంది. పేరాశతో తోడితే ఉప్పు పైకి వస్తుంది. ఇసుకలోని ఖనిజాల కోసం తవ్వే ప్రతిపాదనలను స్థానికులు వ్యతిరేకించడానికి ఈ పలుచని పొరే కారణం.

ఇక్కడి జనంలో కతోలిక క్రైస్తవులు, హిందువులు, ముస్లిములు ముగ్గురూ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. ముగ్గురి భాషా తమిళమే. 1990 అక్టోబరులో ఎల్.టి.టి.ఇ. ఉత్తరాది ముస్లిములందరినీ ఇళ్ళు వదలి పొమ్మని ఆజ్ఞాపించింది. సుమారు 75,000 మంది కట్టుబట్టలతో కదిలారు. మన్నారువారు చాలామంది దక్షిణాన పుత్తళం శిబిరాలు చేరారు. ఆ ఏడాదే వంతెన పేల్చివేతకు గురైంది, రైలు ఆగిపోయింది. 2009లో యుద్ధం ముగిసింది. 2010లో కొత్త వంతెన, 2015లో భారత సహాయంతో తిరిగి రైలు వచ్చాయి. వెళ్ళినవారిలో కొందరు వచ్చారు. ఇరవై ఏళ్ళలో అడవి మొలిచిన పెరడునూ, వేరెవరో దున్నుకుంటున్న పొలాన్నీ చూసి కొందరు పుత్తళానికే మరలిపోయారు. పరాయిచోట పుట్టిన పిల్లలకు మన్నారు తాతల కథలలోని ఊరు.

పెద్ద లంకతీరాన, మన్నారుకు దక్షిణంగా అరిప్పు ఉంది. ఈ సముద్రం ముత్యాలకు ప్రసిద్ధి. లంక తొలి బ్రిటిషు గవర్నరు ఫ్రెడరిక్ నార్త్ ముత్యాల వేట పర్యవేక్షణకని 1801-04 మధ్య ఇక్కడ గ్రీకు పద్ధతి స్తంభాలతో ఒక సౌధం కట్టించాడు. దాని మొండిగోడలు ఒక్కొక్కటే కడలిలోకి జారుతున్నాయి. వేట ఏటా ఉండేది కాదు. చిప్పలు ఎదిగాయని తేలిన సంవత్సరంలోనే నిర్జనమైన తీరంలో కొన్నివారాలపాటు తాటాకు నగరం వెలిసేది. కీళక్కరై, అరేబియాలనుంచి గజ ఈతగాళ్ళు, వర్తకులు, వడ్డీవ్యాపారులు, చివరకు సొరచేపలకు మంత్రం వేసేవారు కూడా వచ్చేవారు. ఈ మంత్రగాళ్ళకు ప్రభుత్వమే జీతమిచ్చేది! రాతిబరువు కాలికి తగిలించుకొని మునిగే ఈతగాడికి తెచ్చిన చిప్పలలో మూడోవంతు, ప్రభుత్వానికి రెండు వంతులు. 1905లో ఎనిమిది కోట్లకు పైగా చిప్పలు తీశారు. మరుసటి ఏడే ఈ హక్కును ఒక కంపెనీకి ఇరవై ఏళ్ళ గుత్తకిచ్చారు. చిప్పలు కరువై కంపెనీ మూతపడింది. 1906 వేటలో, కుళ్ళుతున్న చిప్పల దుర్గంధం మధ్య, కుర్ర ఉద్యోగిగా పనిచేసినవాడు లెనర్డ్ వుల్ఫ్. ఇతడే తరువాత ఆగ్నేయాన హంబన్తోటలో అధికారియై, ఆ ఎండిన అడవిపల్లెల బ్రతుకును 1913లో ఇంగ్లీషు నవలగా వ్రాశాడు. పారిస్‌లో బిజే 1863లోనే లంక ముత్యాలవేటమీద సంగీతనాటకం కట్టాడు. ఆయన లంకను చూడలేదు, అందుచేత దుర్గంధం అందులో లేదు.

నేటి మన్నారు దక్షిణతీరాన 30 గాలిమరలు తిరుగుతున్నాయి. 2020 డిసెంబరులో ప్రారంభమైన ఈ కేంద్రం సామర్థ్యం సుమారు 100 మెగావాట్లు. ఎండగట్టే గాలే ఇప్పుడు సొమ్మయింది. అయితే మధ్యాసియానుంచి వలసవచ్చే పక్షుల ఆకాశమార్గం కూడా ఇదే. మరిన్ని మరలు వద్దని స్థానికులు గట్టిగా అడ్డుచెబుతున్నారు. సముద్రంలో మరొక తగాదా. తమిళనాడునుంచి వచ్చే మరబోట్లు అడుగును ఊడ్చే వలలతో చేపగుడ్లనూ, చిన్న పడవలవారి వలలనూ కలిపి లాక్కుపోతాయి. అటువంటి వేటను లంక 2017లో నిషేధించింది. ఇరుగట్లవారూ ఒకే భాష మాట్లాడే బెస్తలు కావడంవల్ల ఈ తగాదా మరింత చేదెక్కింది.

ఎండిన నేల అనగానే వరద భయం లేదనుకోరాదు. 2025 నవంబరు చివర దిత్వా తుపాను ద్వీపాన్నంతటినీ ముంచెత్తింది. రైలు పట్టాలు అనేకచోట్ల కొట్టుకుపోయాయి.

ఆ పట్టాల చివరి గమ్యం తలైమన్నారు రేవు. 1914లో ఇక్కడినుంచి ధనుష్కోటికి ఓడ నడవడం మొదలైంది. మద్రాసులో రైలెక్కినవారు సముద్రాన్ని ఓడలో దాటి, తిరిగి రైలులో కొలంబో చేరేవారు. దూరం కొద్దిపాటిదే. తేయాకు తోటల కూలీలు వేలాదిగా దిగింది ఈ రేవులోనే. అంతకుముందు తరాలవారు ఈ తీరంనుంచే కొండలకు కాలినడకన వెళ్ళేవారు. నీరు దొరకని ఈ అడవిదారిలో ఎందరో దప్పికతో, జ్వరాలతో రాలిపోయారు. 1964 అక్టోబరులో శ్రీమావో, శాస్త్రి ఒప్పందం కుదిరి 5,25,000 మంది భారత సంతతివారు ఇండియాకు వెళ్ళవలసినవారయ్యారు. అదే ఏడు డిసెంబరులో తుపాను ధనుష్కోటిని తుడిచిపెట్టింది. ఓడ రామేశ్వరానికి మారింది. ఎన్నడూ చూడని స్వదేశానికి, కొండలలో పుట్టిన మనుషులు పెట్టెబేడలతో ఈ గట్టుమీదనే వరుసకట్టి నిలిచారు. 1980ల తొలిసంవత్సరాలలో ఆ ఓడా ఆగిపోయింది.

రేవు ఇనుపస్తంభాలు తుప్పుపట్టి నీళ్ళలో నిలబడి ఉన్నాయి. పక్కన తెల్లని దీపస్తంభం. దానికి ఆవల రామసేతువు ఇసుకతిన్నెలు ఒకదాని వెనుక ఒకటి పడమటికి సాగుతాయి. సాయంత్రం నీరు తీసినపుడు మొదటి తిన్నెవరకు బెస్తపిల్లలు నడిచి వెళ్ళి, చీకటిపడకముందే తిరిగి వస్తారు.